మైదా జిగురు

నవంబర్ 28

ఈ నోటుబుక్కు నేనే కుట్టుకున్నాను, లైబ్రరీ బైండింగ్ సెక్షన్లో మిగిలిన కాగితాలతో. ఇరవై నాలుగేళ్ళుగా అందరి పుస్తకాలూ బాగుచేస్తున్నాను, నాకంటూ ఒకటి ఉండొద్దా. ఎవరూ చదవరు కాబట్టి అక్షరాలు కోడి కెలికినట్టున్నా ఫరవాలేదు.

బొంగరం వెళ్ళి పదకొండు వారాలు. ఒక్కచోట కుదురుగా ఉండదని వాళ్ళ నాన్న పెట్టిన పేరు అది. పందొమ్మిదేళ్ళొచ్చినా ఇంట్లో అదే పేరు.

నేను గట్టిగా ఏమీ అనలేదు. నర్సింగ్ కోర్సు మధ్యలో మానేస్తానంటే ఎందుకని అడిగాను. ఏ తల్లయినా అడుగుతుంది. దానికే బ్యాగు సర్దుకుని వెళ్ళిపోవాలా?

ఇవాళ క్రిస్మస్ నక్షత్రాలు మొదలుపెట్టాను. అట్టల లోపల అంటించే రంగు కాగితం కత్తిరింపులు రెండు సంచులు ఇచ్చాడు మా సెక్షన్ పెద్దాయన. "ఇన్ని ఏం చేసుకుంటావమ్మా?" అన్నాడు. "ఇల్లంతా కడతానండీ. మా అమ్మాయి వస్తుంది," అన్నాను. వస్తుందని నీకెవరు చెప్పారని ఆయన అడగలేదు. మంచివాడు.

నవంబర్ 30

ఆరు నక్షత్రాలు.

డిసెంబర్ 1

మందుల షాపుకి వెళ్ళాను. అక్కడ కౌంటర్లో ఉండే కళ్ళజోడు పిల్లా, బొంగరమూ స్కూల్లో ఒకే బెంచీ. వారానికోసారి వెళ్ళి తలనొప్పి మాత్రలు కొంటున్నాను. నాకు తలనొప్పి లేదు. డ్రాయరు మాత్రం నిండిపోయింది.

"బాగానే ఉంది ఆంటీ," అంది నేను అడక్కముందే.

"తింటోందా?"

"తింటోంది."

"ఎక్కడుంటోంది తల్లీ?"

"చెప్పనని మాటిచ్చాను. మీరలా అడుగుతుంటే నాకు కష్టంగా ఉంటుంది ఆంటీ."

వెనకాల ఎవరో దగ్గు మందు కోసం నిలబడి ఉన్నారు. పక్కకి తప్పుకున్నాను. ఇంటికొచ్చాక చూస్తే మాత్రలు కౌంటరు మీదే మర్చిపోయాను.

డిసెంబర్ 3

అటక మీంచి గొలుసు పెట్టె దించాను.

పెళ్ళయిన ఏడాది క్రిస్మస్‌కి ఇంట్లో అలంకరణ ఏమీ లేదు. సెక్షన్ నుంచి కాగితం పట్టీలు తెచ్చి గొలుసు చేస్తానంటే ఆయన ఒక రూలు పెట్టారు. ఏటా ఒక్కొక్కరూ ఒక్కో పట్టీ మీద ఆ ఏడాది మనసులో ఉన్న మాట ఒక్కటే రాయాలి. నిలువుగా మడిచి, అంచులు అంటించేసి, అప్పుడు రింగు చేసి గొలుసుకి కలపాలి. ఇక ఎవరూ తెరవకూడదు. "దాచుకోవడానికి ఎవరికైనా ఒక చోటుండాలి కదా," అన్నారు. ఆయనది నీలం, నాది ఇటుక రంగు, బొంగరానిది పసుపు. దానికి రాయడం రానప్పుడు ఆయనే చెయ్యి పట్టుకుని గీయించేవారు.

నలభై ఎనిమిది రింగులు. నీలం ఎనిమిదే. ఎనిమిదో క్రిస్మస్ తర్వాత వేసవిలో ఆయన పోయారు. బొంగరానికి అప్పుడు ఆరేళ్ళు.

పోయినేడు నాకు జ్వరం. గొలుసు అదొక్కతే కట్టింది. నేను మంచం మీంచి చూసి బాగుందన్నాను. అది ఏమీ అనలేదు. జ్వరంలో ఉన్నదాని మాటకి జవాబేముందిలే అనుకున్నాను.

పద్నాలుగు నక్షత్రాలు.

డిసెంబర్ 4

ఆ రోజు వెళ్ళేముందు గుమ్మం దగ్గర అది ఒక మాట అంది. "నన్ను అప్పుడే పెద్దమ్మకి ఇచ్చేయాల్సింది కదమ్మా."

నేనేమీ అనలేదు.

ఈ సంగతి దానికెలా తెలిసింది? ఆయన పోయిన ఏడాది మా అక్క అడిగింది, పిల్లలు లేరు కదా, పెంచుకుంటానని. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కుదరదన్నాను. అక్కడితో అయిపోయింది. మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలీదు. నేను చెప్పలేదు. అంటే అక్కే చెప్పింది. దాని నోట్లో నువ్వు గింజ నానదని చిన్నప్పటినుంచీ తెలిసిందే.

ఫోన్ చేసి అడిగేశాను.

"నేనా? నేనెందుకు చెప్తానే?"

"ఇంకెవరు చెప్తారు? నా కూతుర్ని నాకు కాకుండా చేశావు."

అక్క "నీకు ఇప్పుడు ఎవరో ఒకరు కావాలి, తిట్టడానికి. తిట్టుకో," అని పెట్టేసింది. తప్పు చేసినవాళ్ళే అలా మాట్లాడతారు.

డిసెంబర్ 6

పసుపు రింగు ఒకటి తెరవబోతున్నాను. పోయినేటిది. ఎక్కడికి వెళ్ళాలనుకుందో అందులో రాసి ఉండొచ్చు. ఆయన ఉంటే ఒప్పుకోరు. ఆయన లేరు.

మా ఇంట్లో అంటించేది మైదా జిగురు. నీళ్ళలో మైదా కలిపి, సన్నమంట మీద ఉండ కట్టకుండా కలుపుతూ ఉడికిస్తాను. సెక్షన్లోనూ అదే వాడతాం. ఎందుకంటే వందేళ్ళ తర్వాత బాగుచేసేవాడు తడి గుడ్డ పెడితే చాలు, కాగితం చెక్కుచెదరకుండా ఊడొస్తుంది. ఈ పని నాకు వెన్నతో పెట్టిన విద్య. మళ్ళీ అంటిస్తే దేవుడు కూడా కనిపెట్టలేడు.

(తర్వాత)

తెరిచాను. "ఇంకొక్క ఏడాది. ఆ తర్వాత అమ్మకి నా బరువు ఉండదు."

పిచ్చిది. ఉద్యోగం చేసి నన్ను కూర్చోబెట్టి పోషిద్దామనుకుంది. అందుకే కోర్సు మానేసి ఉంటుంది, త్వరగా సంపాదిద్దామని. నా మీద కోపంతో కాదు. కాదు. ఇది తెలీక పన్నెండు వారాలు ఏడ్చాను. ఇవాళ కడుపునిండా తిన్నాను.

డిసెంబర్ 7

ఆ మాట కాగితం మీద రాసుకెళ్ళి కళ్ళజోడు పిల్లకి చూపించాను. "చూశావా, నా మీద ఎంత ప్రేమో," అన్నాను.

ఆ పిల్ల చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆంటీ, ఇది మీరు ఎలా అనుకుంటే అలా అనుకోండి," అంది.

ఎలా అనుకుంటే అలా అంటే ఏమిటి?

డిసెంబర్ 8

ఇంకో మూడు పసుపువి తెరిచాను. కొరివితో తల గోక్కోవడమే, తెలుసు.

ఏడేళ్ళప్పటిది: "అమ్మ నవ్వాలి." పదేళ్ళప్పటిది: "సైకిల్. ఎర్రది. బెల్లుతో." పదహారప్పటిది: "నాన్న నన్ను ఏమని పిలిచేవాడో గుర్తుంది. గొంతు గుర్తులేదు."

మూడూ మళ్ళీ అంటించాను. జిగురు పక్కకి కారింది. కొత్తగా పనిలో చేరినదాన్ని కూడా దీనికి తిడతాను నేను.

ఇరవై ఆరు నక్షత్రాలు. ఇంట్లో వేలాడదీయడానికి చోటు లేదు. వంటింటి తలుపుకి కూడా కట్టాను.

డిసెంబర్ 10

నా చేతిలో కాగితం చిరిగింది. ఇరవై నాలుగేళ్ళలో నా చేతిలో ఒక్క పేజీ చిరగలేదు.

ఆయన చివరి నీలం రింగు. దానికి గొంతు గుర్తులేదన్న మాట చదివాక, ఆయనైనా ఏమన్నారో చూద్దామనిపించింది. తడి గుడ్డ పెట్టాను. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. మడతలు నొక్కే బద్ద పెట్టి లేపాను. చర్రున చిరిగింది. మైదా అలా చిరగనివ్వదు. దీపం కింద పెట్టి చూశాను. అంచు వెంబడి గాజులా మెరుస్తోంది. ట్యూబు గమ్. తడికి లొంగని రకం. నేను ఇంట్లో అడుగుపెట్టనివ్వని రకం.

మిగతా ఏడు నీలం రింగులూ చూశాను. ఏడింటికీ ట్యూబు గమ్మే.

తడి గుడ్డ పెట్టి ఊడదీయడం బొంగరానికి నేనే నేర్పాను, పన్నెండేళ్ళప్పుడు, కవర్ల మీద స్టాంపులు దాచుకుంటుంటే. మైదా మళ్ళీ ఉడికిస్తే నాకు వాసన వస్తుందని ట్యూబు కొన్నట్టుంది. ఆ గమ్ మూడు నాలుగేళ్ళకి పసుపు తిరుగుతుంది. ఇది ఇంకా తెల్లగానే ఉంది. అంటే పోయినేడే. నేను జ్వరంతో పడుకున్నప్పుడు.

వాళ్ళ నాన్న గొంతు కోసం వెతుక్కుంది.

చిరిగిన ముక్కలో "బొంగరం" అన్న మాట ఒక్కటే సరిగ్గా మిగిలింది.

డిసెంబర్ 11

నలభై ఎనిమిదీ దీపం కింద పెట్టి చూశాను. పసుపువన్నీ మైదా. నావి ఇరవై ఒకటి. ఇరవైకి మైదా. ఒక్కదానికి ట్యూబు గమ్.

ఆయన పోయిన ఏడాదిది.

డిసెంబర్ 12

అందులో ఏం రాశానో నాకు గుర్తులేదు.

డిసెంబర్ 13

గుర్తులేదు. నిజంగా.

సెక్షన్లో ఒక నిఘంటువు వెన్ను తలకిందులుగా అంటించాను. పెద్దాయన చూసి నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఇంటికెళ్ళమ్మా," అన్నాడు. ఇంటికెళ్తే ఆ రింగు బల్ల మీద ఉంటుంది. అయిదయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.

డిసెంబర్ 14

మడత వెంబడి బ్లేడుతో కోశాను.

"అక్కకి ఇచ్చేస్తాను. ఇది నాకొద్దు. దీని మొహం చూస్తుంటే నాకు ఊపిరాడటం లేదు. ఇచ్చేసి ఎటైనా పోతాను."

నా రాతే. కొమ్ములు దీర్ఘాలతో సహా నా రాతే.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదని పది రోజుల క్రితం ఇదే పుస్తకంలో రాశాను. ఆ పేజీ చింపేద్దామనుకుని ఆగాను.

నాన్న కోసం వెతికి వెతికి, ఆయన పోయిన ఏడాది అమ్మ ఆయన గురించి ఏం రాసిందో చూద్దామని నాది తెరిచి ఉంటుంది. దానికి నేను దొరికాను.

డిసెంబర్ 15

ఇప్పుడు రాస్తాను. ఎలాగూ ఎవరూ చదవరు.

ఆ రోజు నేను గట్టిగానే అన్నాను. "నీ కోసం నా బతుకంతా ధారపోశాను. నువ్వే లేకపోతే ఈపాటికి హాయిగా ఉండేదాన్ని," అన్నాను. అప్పుడది గుమ్మం దగ్గర ఆగింది. బ్యాగు కింద పెట్టింది కూడా. "నన్ను అప్పుడే పెద్దమ్మకి ఇచ్చేయాల్సింది కదమ్మా," అంది. కోపంగా అనలేదు. అడిగింది. కాదనమని అడిగింది.

నేను "అవును, ఇచ్చేయాల్సింది," అన్నాను.

అది తలూపి బ్యాగు తీసుకుంది.

డిసెంబర్ 16

అక్కకి ఫోన్ చేశాను. నువ్వు కాదు, నేనే, బొంగరం నా రాతే చదివింది అని చెప్పాను. ఏడుపు ఆగలేదు. అక్క కాసేపు ఏడవనిచ్చింది.

"నా నోట్లో నువ్వు గింజ నానదంటావు కదా. చూడు, పదమూడేళ్ళు నానింది," అంది తర్వాత.

"క్షమించవే."

"ఆ క్షమాపణలు తర్వాత. నీకొకటి గుర్తుందా? నువ్వు ముందు ఇస్తానన్నావు. నేను గదికి రంగు వేయించాను. తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు నువ్వు తలుపు తియ్యలేదు. లోపల గడియ పెట్టుకుని, పిల్లని ఒళ్ళో పెట్టుకుని, పొమ్మన్నావు. నేను మెట్ల మీద గంటసేపు కూర్చున్నాను."

నాకు గుర్తులేదు.

"మరి నాకెందుకు గుర్తులేదే?"

"నువ్వప్పుడు మనిషివా? తిన్నావో లేదో నీకే తెలీదు. కానీ తలుపు తియ్యలేదు, అది నేను చూశాను. నా కళ్ళతో."

ఆ గదికి ఏ రంగు వేయించావని అడిగాను. పసుపు అంది.

డిసెంబర్ 17

క్షమాపణ ఉత్తరం నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ చదివితే నేనే నమ్మలేదు. నోటితో అవునన్నదాన్ని, కాగితం మీద కాదంటే ఎవరు నమ్ముతారు? అది నమ్మింది కాగితాన్నే, అందులోనూ దాచిపెట్టిన కాగితాన్ని.

ఆ రింగు తర్వాతవి ఇంకా పన్నెండున్నాయి, నావి. మైదాతో అంటించినవి. ఎవరూ తెరవనివి.

వాటిలో ఏముందో నాకూ తెలీదు. ఇంకా ఘోరమైనవి ఉన్నాయేమో. రాత్రుళ్ళు బయటి బైండింగు పనులు చేసిన ఏళ్ళు ఉన్నాయి, అది మొండికేసి నన్ను ఏడిపించిన ఏళ్ళు ఉన్నాయి. ఏ ఏడాది ఏం రాశానో. ముందు నేను చూసి, మంచివైతేనే ఇవ్వొచ్చు. చెడ్డవి ఉంటే మళ్ళీ అంటించేసి, ఇవ్వకుండా ఊరుకోవచ్చు. కనిపెట్టలేరు. ఆ పని నాకు బాగా వచ్చు.

తడి గుడ్డ తీసుకున్నాను. మళ్ళీ ఆరేశాను.

డిసెంబర్ 18

గొలుసు సరిగ్గా సగానికి విడదీశాను. ఇరవై నాలుగు నా దగ్గర. ఇరవై నాలుగు పెట్టెలో. నావి పన్నెండు, దానివి పన్నెండు. పైన చీటీ పెట్టాను.

"నావాటిలో నువ్వు ఒకటే చదివావు. అది నేనే రాశాను, ఆ రోజు అలాగే అనుకున్నాను. గుమ్మం దగ్గర అన్నదీ నేనే. నువ్వు చదివినదాని తర్వాతవి ఇవి. ఏం రాశానో గుర్తులేదు, తెరిచి చూసుకోలేదు. నువ్వు చూడు. నీవి నాలుగు నేను తెరిచాను. తప్పే."

కళ్ళజోడు పిల్ల పెట్టె అందుకుని, "ఇంట్లో గొలుసు కట్టరా ఆంటీ మరి?" అంది.

"నక్షత్రాలున్నాయమ్మా. ముప్పై ఏడు."

ఈసారి మాత్రలు కొనలేదు.

డిసెంబర్ 19

ఇచ్చిందట.

డిసెంబర్ 20

ఏమీ లేదు.

డిసెంబర్ 21

ఏమీ లేదు. ఎందుకిచ్చాను? చేజేతులా ఇచ్చాను. ఆ పన్నెండింటిలో ఒక్కటి అలాంటిదే ఉన్నా ఇక నా గడప తొక్కదు. చూసి ఇవ్వాల్సింది. ఏ మనిషైనా చూసే ఇస్తుంది. నిజాయితీ అట, నిజాయితీ. పిల్లలేని ఇంట్లో దాన్నేం చేసుకోను?

డిసెంబర్ 22

నక్షత్రాలన్నీ పీకేశాను. సాయంత్రం మళ్ళీ కట్టాను. ఒకటి తొక్కాను, ముప్పై ఆరే.

డిసెంబర్ 23

అక్క వచ్చింది, చెప్పకుండా. ఇల్లు చూసి "ఇదేమన్నా నక్షత్రాల గోడౌనా?" అంది. రెండు రోజులుంటానంది. బయట చెప్పుల చప్పుడైతే ఇద్దరం ఒకేసారి తలుపు వైపు చూశాం. పై వాటా వాళ్ళు.

డిసెంబర్ 24

సాయంత్రం కళ్ళజోడు పిల్ల వచ్చింది. ఒక్కతే. ఆ పిల్ల వెనక ఎవరైనా ఉన్నారేమోనని మెట్ల దాకా వెళ్ళి చూశాను. లేరు.

"ఇది ఇమ్మంది," అని పెట్టె నా చేతిలో పెట్టింది.

"ఏమన్నా చెప్పిందా?"

"పెట్టె ఇమ్మంది ఆంటీ, అంతే. చదువుతున్నంతసేపూ నన్ను బయట కూర్చోమంది."

ఎంతసేపు కూర్చున్నావని అడిగాను. చాలాసేపు అంది. అక్క ఆ పిల్లకి టీ ఇచ్చింది. నేను పెట్టె తెరవలేకపోయాను.

డిసెంబర్ 25

పొద్దున తెరిచాను.

ఇరవై నాలుగూ ఉన్నాయి. నా పన్నెండూ తెరిచింది, పన్నెండూ మళ్ళీ అంటించింది. అంచులు వంకర. రెండింటికి జిగురు ఎక్కువై బయటికి కారి ఎండింది. ట్యూబు గమ్ కాదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మైదా.

చివర ఇంకో రింగు ఉంది. పసుపుది, కొత్తది. ఇరవై అయిదు.

అందులో ఏముందో తెలుసుకోవడానికి నాకు తడి గుడ్డ, రెండు నిమిషాలు చాలు. ఆ సంగతి దానికీ తెలుసు. తెలిసే మైదాతో అంటించింది. వస్తానని రాసిందో, ఇక రానని రాసిందో. అక్క చూసి, "తెరవ్వే, నా ప్రాణం పోతోంది," అంది. నా ప్రాణమూ పోతోంది. తెరవలేదు. నా పాత సగాన్ని దానికి కలిపి, కిటికీకి ఆ చివర నుంచి ఈ చివర దాకా కట్టాను. ఈ ఏడాది నా పట్టీ ఇంకా రాయలేదు, చివర చోటు ఉంచాను.

మధ్యాహ్నం అక్క పడుకున్నాక కుర్చీ వేసుకుని ఆ పసుపు రింగు కిందే కూర్చున్నాను. జిగురు చూశాను. ఒక్క ఉండ లేదు. మైదా అలా రావాలంటే గిన్నె కావాలి, సన్నమంట కావాలి, పక్కన నిలబడి పది నిమిషాలు కలుపుతూ ఉండాలి.

ఎక్కడుందో తెలీదు. అక్కడ పొయ్యి ఉంది.